తారీఫు ఒక్కటే చాలదు
(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మీడియం పంతులం. ఇరవై ఏళ్ళుగా బల్ల మీద ఉర్దూలోనే రాస్తున్నాము, ఉర్దూలోనే కోప్పడుతున్నాము. తెలుగులో ప్రసంగించమని కార్యదర్శి గారు ఆజ్ఞాపించారు. మధ్యమధ్య నాలుగు ఉర్దూ ముక్కలు దొర్లితే మన్నించి సర్దుకోండి. బందరులో పుట్టిన వాళ్ళకు ఈ రెండు భాషలూ ఒకే పళ్ళెంలో వడ్డించుకోవడం అలవాటే కదా.

ఏ విషయం మీద మాట్లాడాలని అడిగితే, "మీ ఇష్టం మాస్టర్ సాబ్, పిల్లల చదువు గురించి చెప్పండి" అన్నారు. చదువు గురించి ప్రతి ఏడూ చెబుతూనే ఉన్నాము, మీరు ప్రతి ఏడూ తలలూపుతూనే ఉన్నారు. అందుకని ఈసారి మా దోస్తుల గురించి చెప్పాలనుకున్నాము. చేత్తో వస్తువు చేసి, దాన్ని అమ్ముకుని బ్రతికే దోస్తులు మాకు కొందరున్నారు. వాళ్ళలో మన వాళ్ళూ ఉన్నారు, పద్మశాలీలూ ఉన్నారు. వాళ్ళను చూసి మేము ముచ్చట పడతాము, కొంచెం అసూయ కూడా పడతాము. మా చేతికి సుద్దముక్క పట్టుకోవడం తప్ప ఏ పనీ రాదు. సాయంత్రానికి మా పని తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. వాళ్ళ పని పదేళ్ళయినా ఎవరింట్లోనో మంచం మీద పరిచి ఉంటుంది.

మొదట కలంకారీ చేసే దోస్తు సంగతి చెబుతాము. ఆయన పేరు చెప్పము. చెబితే ఆయనకు సిగ్గు, మాకు అంతకంటే ఎక్కువ సిగ్గు. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.

కలంకారీ అన్న మాట మన ఫారసీ నుంచి వచ్చిందే. కలం అంటే కలమే, కారీ అంటే పని. శ్రీకాళహస్తిలో నిజంగా కలంతోనే బొమ్మలు వేస్తారు. మన బందరు, పెడన పనిలో చెక్క అచ్చులదే పెద్ద పెత్తనం. అయినా పేరు మాత్రం కలంకారీగానే నిలిచిపోయింది. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో మన బందరు వాళ్ళకు ముఖ్యమైన రేవు. ఇక్కడి గుడ్డలు ఓడలెక్కి ఇరాన్ దాకా వెళ్ళేవి. అక్కడి వాళ్ళకు నచ్చే మెహరాబులు, సరో చెట్లు, పూల తీగెలు ఇక్కడి వాళ్ళు గుడ్డ మీద దించేవారు. 1611లో ఇంగ్లీషు వాళ్ళు మన రేవులో వర్తక స్థావరం పెట్టుకున్నారంటే వాళ్ళను రప్పించినవి ఇలాంటి గుడ్డలే. తరువాత హిందూస్థానీ అద్దకం గుడ్డలు విలాయత్‌ను ఎంతగా ముంచెత్తాయంటే, అక్కడి నేతగాళ్ళు గోల పెట్టి 1721లో అద్దకపు నూలుగుడ్డ కట్టకూడదని చట్టమే చేయించారు. 1774 దాకా ఆ చట్టం తొలగిపోలేదు. ఒక దేశపు పార్లమెంటు చట్టం చేసి ఆపవలసి వచ్చిన పనితనం ఇది! ఈ పాఠం చెప్పినప్పుడు మా క్లాసులో పిల్లలు కళ్ళు పెద్దవి చేసుకుని వింటారు. వాళ్ళలో ఇద్దరు ముగ్గురి నాన్నలు ఇప్పటికీ ఆ అద్దకం షెడ్లలోనే పని చేస్తున్నారన్న సంగతి మాత్రం చెప్పడానికి మొహమాట పడతారు. ఆ మొహమాటం మాకు గుచ్చుకుంటుంది.

మా దోస్తు షెడ్డుకు ఆదివారాలు వెళ్ళి కూర్చోవడం మాకు పాత అలవాటు. చూసింది చూసినట్టు చెబుతాము. ముందు ముతక గుడ్డను పేడనీళ్ళలో నానబెట్టి, ఎండలో ఆరబెట్టి, ఉతికి తెల్లగా చేస్తారు. ఆ తరువాత కరక్కాయ నీళ్ళలో ముంచుతారు. గుడ్డ లేత పసుపుగా అవుతుంది. నలుపు రంగు ఎలా వస్తుందనుకున్నారు? తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్ళు కుండలో వేసి రోజుల తరబడి పులియబెడతారు. ఆ నీళ్ళు చూస్తే ఏమంత నల్లగా ఉండవు. అచ్చును అందులో అద్ది, కరక్కాయ పట్టిన గుడ్డ మీద కొట్టగానే కాటుకలాంటి గీత పడుతుంది. మొదటిసారి చూసినప్పుడు మేము "సుబ్‌హానల్లాహ్" అన్నాము. మా దోస్తు నవ్వి, "ఇది జాదూ కాదు మాస్టర్, కరక్కాయకూ ఇనుముకూ నికా" అన్నాడు.

ఎరుపు కావలసిన చోట పటిక నీళ్ళతో అచ్చు వేస్తారు. అప్పుడు ఎరుపు కనిపించదు. ఆ గుడ్డను పారే నీళ్ళలో జాడించి, ఆరబెట్టి, పెద్ద రాగి డేగిసాలో మంజిష్ఠ, చిరివేరు వంటి వాటితో ఉడికిస్తే పటిక పడ్డ చోటల్లా ఎరుపు పట్టుకుంటుంది, తక్కిన చోట వదిలేస్తుంది. నీలానికి నీలిమందు, పసుపుకు మళ్ళీ కరక్కాయ వర్గం సరుకులే. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క అచ్చు. ఆ అచ్చులు చెక్కేవాళ్ళు వేరు. వాళ్ళు టేకు చెక్క మీద ఉలితో చెక్కే పూవు మన చిటికెన వేలి గోరంత ఉంటుంది. ఎండ సరిగా కాయకపోతే పని ఆగుతుంది, కాలవలో నీళ్ళు లేకపోతే పని ఆగుతుంది, వాన పట్టిందంటే వారాల తరబడి ఆగుతుంది. కడుపు మాత్రం ఏ కాలంలోనూ ఆగదు.

ఇక రెండో స్నేహం మా వీధిలో ఉండే ఒక ఆపాది. భర్త పోయిన తరువాత ఇంట్లోనే మగ్గం వేసుకుని జర్దోజీ పని చేస్తుంది. మగ్గమంటే నేత మగ్గం కాదు, నాలుగు కర్రల చట్రానికి గుడ్డను బిగించి కట్టేది. పెద్దవాళ్ళు కార్‌చోబ్ అనేవారు. కొక్కెం సూదితో జరీ, పూసలు, చమ్కీలు ఒక్కొక్కటే ఎక్కిస్తుంది. ఇద్దరు ఆడపిల్లలను ఆ సూదితోనే చదివించింది. మన జైనబ్ బింతె జహష్ రజియల్లాహు అన్‌హా కూడా చేతిపని చేసి, వచ్చినది బీదలకు పంచిపెట్టేవారని పిల్లలకు చెప్పేటప్పుడు మాకు ఈ ఆపా ఇంటి గుమ్మమే గుర్తుకొస్తుంది.

ఒకసారి ఆమె దగ్గరే కూర్చుని లెక్క వేశాము. లెక్కల పంతులం కాకపోయినా ఈ మాత్రం లెక్క మాకు వచ్చు. ఒక పెళ్ళి జాకెట్టుకు ఆమె చెప్పిన ధర 3,000 రూపాయలు. జరీ, పూసలు, దారం కలిపి 900 అయ్యాయి. పని తొమ్మిది రోజులు, రోజుకు ఆరు గంటలు. అంటే 54 గంటలకు 2,100 రూపాయలు. గంటకు 39 రూపాయలు కూడా నిండలేదు. అంతలో పెళ్ళివారు వచ్చారు. జాకెట్టు చూసి "మాషా అల్లాహ్, మీ చేతిలో ఏముంది ఆపా!" అని పొగిడారు. పొగిడి, బజార్లో మిషను పని ఇంతకే వస్తుందని వాదించి, 2,200 చేతిలో పెట్టి వెళ్ళారు. ఇప్పుడు గంటకు 24 రూపాయలు. ఆ 800 ఎక్కడ తగ్గాయో ఆలోచించండి. పూసల కొట్టువాడు తగ్గించలేదు. జరీ అమ్మినవాడు తగ్గించలేదు. తగ్గింది ఆ ఆపా కంటిచూపులో, నడుములో, ఆమె పిల్ల ఫీజులో. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. ఈ సభలోనే ఉండవచ్చు కూడా. మనమందరం అలాంటి వాళ్ళమే.

మూడో దోస్తు హైదరాబాదు వాడు. ట్రైనింగు చదివే రోజుల్లో లాడ్‌బజారు దగ్గర వాళ్ళింట్లో కొన్నాళ్ళు తలదాచుకున్నాము. ఇల్లంతా లక్క గాజుల పనే. నిప్పుల మీద లక్కను మెత్తబరచి, కర్రలా సాగదీసి, ముక్క కోసి, వంచి, అతికి, గుండ్రం చేసి, అది ఇంకా వెచ్చగా ఉండగానే రాళ్ళు ఒక్కొక్కటే అద్దుతారు. చల్లారితే రాయి దిగదు. అందుకని చెయ్యి కాలినా ఆగడానికి లేదు. వాళ్ళ అమ్మగారి వేళ్ళ కొసలు కాయ కాచి రాయిలా ఉండేవి. ఆ చేతులతోనే మాకు రొట్టె తుంచి పెట్టేది. 2024లో హైదరాబాదు లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన కలంకారీకి అంతకు ముందే ఉంది. వార్త విన్న రోజు దోస్తుకు ఫోను చేసి ముబారక్ చెప్పాము. "సంతోషమే భాయ్, కానీ చార్మీనారు చూడ్డానికొచ్చిన వాళ్ళు ఇంకా జత మీద పది రూపాయలకు బేరమాడుతూనే ఉన్నారు" అన్నాడు. గుర్తింపు సర్కారు ఇస్తుంది సరే, ధర ఇవ్వవలసింది మనం.

ఇంతవరకు ఇతరుల తప్పులు ఎంచాము. పంతుళ్ళకు అది సులువు. ఇప్పుడు మా తప్పు చెప్పుకోవాలి.

కొన్నేళ్ళ కిందట మా పెద్దమ్మాయి నికా కుదిరింది. సామానుతో పాటు మంచి కలంకారీ దుప్పట్లు ఆరు, ఒక పెద్ద దస్తర్‌ఖాన్ ఇవ్వాలని మా ఇంట్లో ఆశ పడ్డారు. మేము షెడ్డుకు వెళ్ళి మా దోస్తుకు చెప్పాము. ధర అడిగితే మొదట మాట దాటవేశాడు. బలవంతం చేస్తే, దోస్తీ లెక్క కింద 14,000 అన్నాడు. బయానా ఎంత ఇమ్మంటావని అడిగాము. "మనలో మనకు బయానా ఏమిటి మాస్టర్, పెళ్ళి కానీ" అన్నాడు. ఆ మాట మాకు ఎంతో హాయిగా తోచింది. ఇప్పుడనిపిస్తుంది, ఆ హాయి మాది, ఆ బరువు ఆయనది.

దుప్పట్లు వచ్చాయి. పెళ్ళికి వచ్చిన వాళ్ళంతా చేత్తో తడిమి చూసి పొగిడారు. మేమూ గర్వంగా మా దోస్తును నలుగురి ముందు నిలబెట్టి, ఇతడు కళాకారుడు, బందరుకు పేరు తెచ్చినవాడు అంటూ పెద్ద ఉపన్యాసమే ఇచ్చాము. పెళ్ళి ఖర్చుల్లో 6,000 ఇచ్చాము. మిగతా 8,000 రంజాను తరువాత అనుకున్నాము, బక్రీదు తరువాత అనుకున్నాము. ఏడాది కావచ్చింది. ఆయన ఒక్కసారీ అడగలేదు. అడగలేదు కనుక అవసరం లేదనుకున్నాము. మధ్యలో ఎన్నో ఆదివారాలు ఆ షెడ్డులోనే కూర్చుని ఆయన ఛాయ్ తాగి, ఆయన పనినే పొగిడి ఇంటికి వచ్చాము.

ఒక ఆదివారం వెళ్ళేసరికి పొయ్యి మీద రాగి డేగిసా లేదు. వాళ్ళ నాన్న నాటిది. మూడు నలుగురు పట్టి దించవలసినంత పెద్దది. "డేగిసా ఏది భాయ్? కళాయికి పంపావా?" అని అడిగాము. ఆయన అచ్చు కడుగుతూ, "అమ్మేశాను మాస్టర్" అన్నాడు. గుడ్డ, పటిక, మంజిష్ఠ తేవడానికి వడ్డీకి తెచ్చిన అప్పు పెరిగి మీద పడిందట. మాకు ఇంకా బుర్రలోకి ఎక్కలేదు. "అయ్యో, నీలాంటి పనివాడికి ఈ గతి ఏమిటి! నీ చేతికి సాటి ఎవరున్నారు?" అని మళ్ళీ మొదలుపెట్టాము. అప్పుడు లోపలి నుంచి భాభీ గొంతు వినిపించింది. ఎప్పుడూ మాతో గట్టిగా మాట్లాడిన మనిషి కాదు. "మాస్టర్ సాబ్, మీ తారీఫుతో పటిక రాదు" అంది.

అంతే. ఇంకొక్క మాట అనలేదు. మా దోస్తు సిగ్గుపడి, ఆమె మీద కేకలేశాడు. మేము లేచి ఇంటికి వచ్చాము. దారి పొడుగునా ఆ మాటే. మర్నాడు జీతం నుంచి కొంత, మా ఇంట్లో దాచిన దాంట్లో కొంత కలిపి 8,000 తీసుకెళ్ళాము. దోస్తు చేయి చాపలేదు. భాభీ కొంగు సవరించుకుని వచ్చి, తీసుకుని, లెక్కపెట్టి, "జజాకల్లాహ్" అని లోపలికి వెళ్ళింది. లెక్కపెట్టినందుకు మాకు కోపం రాలేదు. ఆ లెక్క మొదటి రోజునే జరగవలసింది. ఒక్క మా బాకీతోనే ఆ డేగిసా పోయిందని మేము అనము. మాలాంటి దోస్తులు ఆయనకు చాలామంది. అందరం కళాభిమానులమే! ఇప్పుడు ఆయన ఇంకొకరి డేగిసాలో అద్దె ఇచ్చి గుడ్డ ఉడికించుకుంటున్నాడు. కొడుకును ఆ పనిలోకి రానివ్వనంటున్నాడు. ఆ పిల్లవాడు మా దగ్గరే చదివాడు, చక్కగా బొమ్మలు వేస్తాడు. రానివ్వకపోవడం తప్పని ఆ తండ్రితో వాదించే మొహం మాకు లేదు.

సోదరులారా, కూలివాడి కూలి ఆలస్యం చేయడం గురించి మన దీన్‌లో ఎంత గట్టిగా చెప్పారో మీకు మేము చెప్పనక్కరలేదు. ఇల్లు కట్టే మేస్త్రీకి శనివారం సాయంత్రం ఇచ్చేస్తాము. కొట్టువాడికి నెల మొదట్లో ఇచ్చేస్తాము. చేతిపని చేసే దోస్తు దగ్గరికి వచ్చేసరికి మాత్రం దోస్తీ అడ్డం పెట్టుకుంటాము. "మనవాడే కదా" అంటాము. మనవాడైతే ఇంకా ముందు ఇవ్వాలి కదా! దావూద్ అలైహిస్సలాం రాజై ఉండి కూడా తన చేతుల కష్టంతోనే తిన్నారని విన్నాము. చేతి కష్టానికి అంత గౌరవం ఇచ్చిన వాళ్ళం, ఆ చేతికి ధర ఇవ్వడానికి ఎందుకు వెనకాడాలి?

మా దోస్తుల్లో లోపాలు లేవని కాదు. ఈదుకు ఇస్తామన్న బట్ట బక్రీదుకు ఇస్తారు. ఫోను చేస్తే "ఐపోయింది, రేపే" అంటారు. ఆ రేపు ఏ కేలండరులోనూ ఉండదు. ధర అడిగితే మొహమాటపడి నేల చూస్తారు. వాళ్ళకూ మా మాట ఒకటి. ధర కాగితం మీద రాసి గోడకు తగిలించండి. బయానా తీసుకోండి, దోస్తుల దగ్గర మరీ ముందుగా తీసుకోండి. ఇవ్వగలిగిన తారీఖే చెప్పండి. ఇందులో సిగ్గు లేదు. ధర చెప్పడం కూడా పనిలో ఒక భాగమే.

కొనేవాళ్ళకు ఒక చిన్న ఉపాయం. బజార్లో కలంకారీ పేరుతో స్క్రీను అద్దకం, మిల్లు అద్దకం గుడ్డలు రాశులు పోసి అమ్ముతున్నారు. చవక. వద్దని అనము. ఎవరి స్తోమత వారిది. కానీ ఆ ధర చూపించి చేతిపని వాడితో బేరమాడకండి. గుడ్డ దగ్గరగా పట్టుకుని చూడండి. చేత్తో కొట్టిన అచ్చయితే ఒక పూవుకూ పక్క పూవుకూ వెంట్రుకవాసి తేడా ఉంటుంది, అక్కడక్కడ రంగు గీత దాటి ఉంటుంది. అది లోపం కాదు, మనిషి చేశాడనడానికి గుర్తు. అంతా అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉందంటే అనుమానించండి.

చివరగా సంఘం పెద్దలకు రెండు మనవులు. ఇవాళ ఈ వేదిక మీద పెద్దలకు శాలువాలు కప్పారు. ఆ మర్యాదలో లోటు లేదు. కానీ ఆ శాలువాలు మన ఊళ్ళో పుట్టినవి కావు. వచ్చే ఏడు నుంచి అతిథులకు ఇచ్చేది, పిల్లలకు బహుమతిగా ఇచ్చేది మన చుట్టుపక్కల చేతులు చేసినదై ఉండాలి. ఆర్డరు ఆరు నెలల ముందు, సగం డబ్బు ఆర్డరు రోజున, మిగతా సగం సరుకు అందిన రోజున ఇవ్వాలి. తారీఫు ఆ తరువాత ఎంతసేపైనా చేయవచ్చు.

రెండోది, పనివాళ్ళకు సరుకు కొనే వేళకు చేతిలో డబ్బు ఉండదు. అక్కడే వడ్డీవాడు ప్రవేశిస్తాడు. మన సంఘం జబ్బులకు, ఫీజులకు సాయం చేస్తోంది. చాలా మంచిది. అలాగే వడ్డీ లేకుండా కర్జె హసనా కింద పటికకు, గుడ్డకు, జరీకి చిన్న చిన్న మొత్తాలు ఇచ్చి, సరుకు అమ్ముడుపోయాక తిరిగి తీసుకునే ఏర్పాటు ఒకటి చేయాలి. మన వాళ్ళకూ పొరుగు వాళ్ళకూ తేడా లేకుండా ఇవ్వాలి. డేగిసా అమ్ముకున్నాక ఇచ్చే సాయం ఖైరాత్ అవుతుంది. డేగిసా పొయ్యి మీద ఉండగా ఇచ్చేది దోస్తీ అవుతుంది. ఈ నిధికి మొదటి చందాగా మేము 2,000 రూపాయలు ఈ సభలోనే కోశాధికారి గారి చేతికి ఇస్తున్నాము. ఇది గొప్పకు కాదు. ఏడాది ఆలస్యం చేసిన మనిషి కట్టే జుర్మానా అనుకోండి.

మా దోస్తు ఈ సభకు వచ్చాడో లేదో మేము చూడలేదు. వచ్చి ఉంటే ఏ మూలో తల దించుకుని కూర్చుని ఉంటాడు. భాయ్, నీ పని గొప్పదని ఇవాళ మేము అనబోవడం లేదు. అది నీకు తెలుసు, ఊరికి తెలుసు. మా రెండో అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాము. దుప్పట్లు మళ్ళీ ఆరు కావాలి. బయానా జేబులో పెట్టుకునే వచ్చాము. సభ కాగానే బయట ఛాయ్ దగ్గర కనిపించు. ధర మాత్రం దోస్తీ లెక్కలో కాదు, అసలు లెక్కలో చెప్పు.